ఒక్క ఇన్నింగ్సా? ఇరవై ఏళ్లా?

మా నేరేడుచర్ల టీ హోటళ్లలో రెండు తగాదాలు ఏనాటికీ తెగవు. ఏ హీరో గొప్ప అన్నది ఒకటి, ఏ క్రికెటర్ గొప్ప అన్నది రెండోది. మొదటిదాంట్లో వేలు పెడితే ఈ శీర్షికకి సగంమంది పాఠకులు మిగలరు. అందుకని బుద్ధిగా రెండోదాని జోలికే పోతున్నాను!

అసలు పేచీ ఎక్కడంటే, ఒకడు ఆటగాడి మహర్దశ చూసి మాట్లాడతాడు, ఇంకొకడు ఆయుష్షు చూసి మాట్లాడతాడు. ఒకడికి 'ఆ ఒక్క రోజు' కావాలి. ఇంకొకడికి 'అన్నేళ్ల మొత్తం' కావాలి. మనది సినిమా పత్రిక కాబట్టి మన భాషలోనే చెప్పుకుందాం. సావిత్రి పేరెత్తితే ఎన్నేళ్లు నటించిందని ఎవరూ వేళ్లు మడవరు. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడు శశిరేఖగా మారినప్పటి ఆ నడక, ఆ చూపు గుర్తొస్తాయి. అక్కినేని పేరెత్తితే మాత్రం 1941 నాటి 'ధర్మపత్ని' నుంచి 2014 నాటి 'మనం' దాకా డెబ్భై మూడేళ్ల ప్రయాణం కళ్లముందు కదులుతుంది. ఇద్దరూ గొప్పవాళ్లే. కొలబద్దే ఒకటి కాదు.

ఇప్పుడు క్రికెట్‌కొద్దాం. మన హైదరాబాదీ మణికట్టు మాంత్రికులు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టండి. అజహరుద్దీన్ 99 టెస్టులాడాడు, 22 సెంచరీలు, సగటు 45.03. లక్ష్మణ్ 134 టెస్టులాడాడు, 17 సెంచరీలు, సగటు 45.97. సగటులో తేడా ఒక్క పరుగు కూడా లేదు! పైగా అజహర్ 1984-85లో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు బాదాడు. 2000లో బెంగుళూరులో ఆడిన ఆఖరి టెస్టులోనూ సెంచరీయే. ఆ ఏడాదే మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై క్రికెట్ బోర్డు నిషేధం విధించింది. ఆ నిషేధం చెల్లదని 2012లో హైకోర్టు చెప్పింది. కానీ వందో టెస్టు మాత్రం రాలేదు.

లెక్క ప్రకారం సెంచరీల్లో అజహర్‌దే పైచేయి. అయినా జనం నోట ముందు పలికేది లక్ష్మణ్ 281. ఎందుకని? "అన్నా, గా ఒక్క ఇన్నింగ్స్ తీసేస్తే లక్ష్మణ్ దగ్గర ఏముంది?" అని ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు కూడా.

ఏముందో చెబుతా విను తమ్ముడూ. 2001 మార్చి, కలకత్తా ఈడెన్ గార్డెన్స్. ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి ఊపు మీదుంది. మనవాళ్లు 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్‌లో పడ్డారు. అక్కణ్ణుంచి లక్ష్మణ్, ద్రావిడ్ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు! మ్యాచ్ 171 పరుగులతో మనదైంది. ఆ 281కి విలువ తెచ్చింది అంకె కాదు, ఆనాటి అవసరం. పైగా అది గాలివాటం కాదు. 2010లో మొహాలీలో నడుంనొప్పితో ఆడుతూ అదే ఆస్ట్రేలియా మీద అజేయంగా 73 కొట్టి, ఒక్క వికెట్ తేడాతో గెలిపించినవాడూ ఈయనే.

అయితే మహర్దశే కొలబద్ద అని తీర్పు చెప్పేద్దామా? ఆగండి. కల్నల్ సి.కె. నాయుడు సంగతేమిటి? నాగపూర్‌లో పుట్టిన ఈ తెలుగుబిడ్డ మన తొలి టెస్టు కెప్టెన్. రికార్డు పుస్తకం తెరిస్తే 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. అంతే! ఈ తరం కుర్రాడు చూస్తే పేజీ తిప్పేస్తాడు. కానీ 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొట్టాడాయన. హెల్మెట్ మాటే లేని రోజులవి. ఇండియాకి మొదటి టెస్టు దక్కింది 1932లో, అప్పటికి నాయుడుగారికి 36 ఏళ్లు. ఆయన వయసులో ఉన్నప్పుడు దేశానికి టెస్టే లేదు. అది ఆయన తప్పా?

ఇక్కడే మా ఊరి రైతు నాకు గుర్తొస్తాడు. మాది సాగర్ ఎడమకాలువ ప్రాంతం. కాలువ కింద చేను చూసి ఎన్ని బస్తాలు పండిందని వెంటనే అడగరు. "నీళ్లు ఎన్ని తడులందినయ్?" అని ముందు అడుగుతారు. ఆ తర్వాతే బస్తాల లెక్క. పక్క చేలు ఎంత పండాయన్నది కూడా చూస్తారు. ఆటగాళ్ల విషయంలోనూ అంతే. బ్రాడ్‌మన్ 52 టెస్టుల్నీ సచిన్ 200 టెస్టుల్నీ ఒకే తక్కెడలో వేస్తే ముల్లు ఎటూ నిలవదు. తన కాలంలో, తనకి అందిన తడులతో, తన తోటివాళ్లకన్నా ఎంత ఎత్తున నిలిచాడన్నదే సరైన తూకం.

ఈ తూకంలో నా ఓటు మన సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్‌కి. 16 ఏళ్ల వయసులో, 1999లో, మొదటి వన్డేలోనే అజేయంగా 114. 39 ఏళ్ల వయసులో, 2022 ప్రపంచకప్‌లో, ఆఖరి వన్డేలో 68. మధ్యలో 232 వన్డేలు, 7,805 పరుగులు, సగటు యాభైకి పైనే. ఇది ఆయుష్షు. మరి మహర్దశో? 2002లో ఇంగ్లండులో టాంటన్ టెస్టులో 214, అప్పటికి మహిళల టెస్టుల్లో ప్రపంచ రికార్డు. అలాంటి ఆటగత్తెకి ఇరవై మూడేళ్లలో దక్కిన టెస్టులెన్నో తెలుసా? పన్నెండు! 2006 నుంచి 2014 దాకా మన ఆడపిల్లలు ఒక్క టెస్టూ ఆడలేదు. ఆడించలేదు కనక ఆడలేదు.

ఆమె సారథ్యంలో 2005లో, 2017లో ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయాం. 2025 నవంబరులో నవీ ముంబయిలో మనమ్మాయిలు కప్పు గెలిచినప్పుడు ఆమె జట్టులో లేదు. అయినా ఆ పిల్లలు కప్పు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టారు. ఆ దృశ్యం ఏ స్కోరుబోర్డుకీ ఎక్కదు.

కాబట్టి మిత్రులారా, మీ ఊళ్లో సంక్రాంతి టోర్నమెంటులో ఒక్క మ్యాచ్‌లో చెలరేగి, ఆ తర్వాత బతుకుతెరువుకి బ్యాటు పక్కన పడేసినవాణ్ణి "వాడికంత సీనులేదు" అని తీసిపారేయకండి. వాడికి తడి అందలేదు, అంతే. అందినవాడు ఇరవై ఏళ్లు ఆడినా, ఏం పండించాడని గట్టిగా అడగండి. తప్పులేదు!

మరి మీ ఓటెవరికి? ఒక కార్డుముక్క రాసి పడేయండి. ఎన్ని తడులందాయో మాత్రం ముందు లెక్క చూసుకుని రాయండేం!