‘హావ్’ అను క్రియ

ఇంగ్లీషులో ‘హావ్’ అను క్రియ చాల చిన్నది. అది మోయు బరువు మాత్రము పెద్దది. మన పాఠశాలలలో దానికి సాధారణముగా చెప్పు అర్థము ఒక్కటే: ‘కలిగియుండుట’. ఈ ఒక్క అర్థమునే నమ్ముకొన్న విద్యార్థికి రెండు భాషలలోను చిక్కులు తప్పవు.

తెలుగులో ఈ క్రియకు సరిజోడు లేదు. అది లోపము కాదు. తెలుగు త్రోవ వేరు. ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’, ‘నా దగ్గర పది రూపాయలున్నవి’, ‘వానికి జ్వరమున్నది’, ‘ఈ గదికి రెండు కిటికీలున్నవి’ అని మనమందుము. ఇంగ్లీషులో ఈ నాలుగింటికిని ‘హావ్’ చాలును. మనిషిని కర్తగా నిలిపి, అన్నలను, రూపాయలను, తుదకు జ్వరమును గూడ వాని సొత్తుగా చూపుట ఆ భాష పద్ధతి. ఆ క్రియకు మూలమైన ప్రాచీన ధాతువునకు ‘పట్టుకొనుట’ అని అర్థము. తెలుగులోనో, ఉన్నవి అన్నలు, రూపాయలు. మనిషి ‘కు’ ప్రత్యయముతోనో, ‘దగ్గర’ అను మాటతోనో ప్రక్కన నిలుచును. సంస్కృతమున ‘మమ పుత్రః అస్తి’ అనుటయు ఇట్టిదే.

ఈ భేదము తెలియనిచో ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అను వాక్యము పుట్టును. ‘కలిగియున్నాను’ అనుటలోని ‘ఉన్నాను’ను ‘చేయుచున్నాను’ వంటిదిగా భావించుట దీనికొక కారణము కావచ్చును. సంబంధమును, స్వామ్యమును తెలుపునపుడు ‘హావింగ్’ పనికిరాదు. ‘దే ఆర్ హావింగ్ లంచ్’ అనవచ్చును. అచట భోజనము చేయుట ఒక పని. ‘ఐ హావ్ టు గో’ అనగా పోవలసియున్నదని. ‘ఐ హావ్ ఈటెన్’ అనగా భోజనమైనదని. ఈ రెంటిలో స్వామ్యము ఊసే లేదు.

ఇంగ్లీషు చెడుట ఒక యెత్తు, తెలుగు చెడుట మరియొక యెత్తు. ‘ఆయన ముగ్గురు పిల్లలను కలిగియున్నాడు’ అను వ్రాతలు నేడు కనబడుచున్నవి. ‘కలుగు’ మన ధాతువే. కాని ‘నాకు సందేహము కలిగినది’, ‘వారికి సంతానము కలిగినది’ అనునపుడు గూడ మనిషి ‘కు’తోనే నిలుచును. పిల్లలను ‘కలిగియుండుట’ తెలుగు నుడికారము కాదు.

కావున ఉపాధ్యాయులు మాటకు మాట అర్థము వల్లె వేయించుట మానవలెను. ‘ఇంటిలో దీనిని మీరెట్లందురు?’ అని ముందుగా పిల్లలనడిగి, పిదప అదే సందర్భమున ఇంగ్లీషువారనెడి వాక్యమును చూపవలెను. తన భాష నడక నెరిగిన విద్యార్థికే పరభాష నడక తేటపడును.