కుట్లు వేశారు, వేలు మాత్రం వంగదు

"గాయం మానిపోయింది డాక్టరు గారూ, వేలి కొస మాత్రం వంగడం లేదు." ఉద్యోగకాలంలో ఈ మాట విన్న ప్రతిసారీ తొలుత కుట్లు వేసిన వైద్యునిపై నాకు కోపం కలిగేది. ఒకసారి ఆ వైద్యుడను నేనే.

పూలు కట్టి అమ్ముకునే ఒక ఇల్లాలికి కత్తిపీట మీద బొటనవేలి లోపలి వైపు తెగింది. చర్మానికి మూడు కుట్లు వేసి, టెటనస్ సూది ఇచ్చి పంపించాను. వేలు వంచమని అడగలేదు.

అడగవలసినది ఎంత స్వల్పమో చూడండి. బొటనవేలి క్రింది కణుపును కదలకుండా పట్టుకొని, కొస కణుపును వంచమనాలి. ఆ కొస కీలును వంచే టెండన్ ఒక్కటే. ముంజేతి కండరం నుండి మణికట్టు మీదుగా వచ్చి కొస ఎముకకు అతుక్కుంటుంది. అది తెగితే ఆ పని చేసేది మరొకటి లేదు. క్రింది కీలును వంచే కండరాలు వేరుగా ఉండడం వలన బొటనవేలు కదులుతున్నట్లే కనిపించి అందరినీ మోసగిస్తుంది. ఈ పరీక్షకు అరనిమిషం చాలు, పరికరమేదీ అక్కరలేదు. వేలికి ఇరుప్రక్కలా స్పర్శ ఉన్నదో లేదో కూడా చూడాలి. మనవాళ్ళు టెండన్‌ను కూడా 'నరం' అనే అంటారు గాని, స్పర్శ తెలిపే నాడులు వేరు. అవి ఆ ప్రక్కనే ఉంటాయి, తరచు కలిసే తెగుతాయి.

'తరువాత చూద్దాం' అనడానికి వీలు లేదు. తెగిన పై కొసను కండరం వెనుకకు లాగుతుంది. అది అరచేతిలోకి, ఒక్కొక్కప్పుడు మణికట్టు దాకా జారుతుంది. మొదటి కొద్ది రోజులలో శస్త్రచికిత్స జరిగితే రెండు కొసలను నేరుగా కలిపి కుట్టవచ్చు. వారాలు గడిస్తే కండరం కురచబడి, టెండన్ జారే గొట్టం పూడిపోతుంది. అప్పుడు మణికట్టు దగ్గరి సన్నని టెండన్‌ను తీసి అతకాలి (కొందరికి అది ఉండనే ఉండదు), లేదా ఉంగరపు వేలికి ఉన్న రెండింటిలో ఒకదానిని మళ్ళించాలి. ఆ ఇల్లాలు రెండు నెలలకు వచ్చింది. నగరానికి పంపాను, అతికారు. వేలు సగమే వంగింది.

చిన్న ఊళ్ళలో సర్జన్లు లేరు కదా అంటారు. టెండన్‌ను అక్కడే కుట్టమని ఎవరన్నారు? గుర్తించి, గాయం కడిగి, కట్టు కట్టి, చీటీ వ్రాసి ఆ రోజే పంపమంటున్నాను. గాయంలో పసుపు, కాఫీపొడి కూరి వచ్చేవారు ఆ కడిగే పనిని కష్టతరం చేస్తున్నారు.

కుట్టిన తరువాత రోగి చేసే అపచారమూ తక్కువ కాదు. దాదాపు 6 వారాలు స్ప్లింట్ ఉండాలి, చిక్కగానో దురదగానో ఉన్నదని విప్పరాదు. అలాగని వేలిని బొత్తిగా కదపకపోతే టెండన్ చుట్టూ అతుక్కుపోతుంది. ఫిజియోథెరపిస్టు చూపినంత మేరకే కదపాలి. 12 వారాల వరకు ఆ చేతితో బిందె ఎత్తకండి. కుట్టు తెగితే మళ్ళీ మొదటికే.