పాత కారు, పట్టేసిన ఇంజను, పెరిగిన బి.పి.

“నాకు 58 సంవత్సరాలు. మా నాన్నగారు వాడిన 1972 నాటి అంబాసిడర్ ఎస్టేటు కారును రెండేళ్ళుగా బాగుచేస్తున్నాను. ఇంజను బోరు చేయించి బిగించిన నెలకే పట్టేసింది. టింకరింగ్ అయిపోయిందనుకున్న చోట మళ్ళీ తుప్పు బయటపడింది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మొన్న షెడ్డులోంచి వచ్చి బి.పి. చూసుకుంటే 150/96 వుంది. నడుము నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటున్నాను. కారు అమ్మేసి సుఖంగా వుండమని ఇంట్లో అంటున్నారు. ఆరోగ్యం కోసం మానెయ్యమంటారా?” – ఒక పాఠకుడు, కోస్తా జిల్లా.

మానెయ్యనక్కరలేదు. కానీ మీ ఉత్తరంలో బి.పి. కంటే నన్ను ఎక్కువ భయపెట్టిన సంగతి వేరే వుంది. అది మీరు చివర్లో రాసిన ఒక్క వాక్యం: “ఎలాగైనా ఈ పండక్కి బండి కదిలించి తీరాలని రాత్రి పన్నెండు దాకా ఒక్కడినే పనిచేస్తున్నాను.”

ఎస్టేటు అంటే ఎరగని చిన్నవాళ్ళ కోసం ఒక మాట. డిక్కీ విడిగా లేకుండా, పైకప్పు వెనకదాకా సాగి, వెనక తలుపు తెరిస్తే సామానంతా పట్టే కారది. విదేశాల్లో స్టేషన్ వాగన్ అంటారు. అంబాసిడర్ల తయారీయే 2014లో ఆగిపోయింది. ఇక ఎస్టేటు వెనక తలుపు, పక్క అద్దాలు మామూలు అంబాసిడర్‌వి సరిపోవు. పాత సామాను కొట్లలో దొరికేదాకా వెతకాల్సిందే. అంటే ఆలస్యం మీ చేతకానితనం వల్ల కాదు, ఆ కారుతోనే వచ్చింది. దానికి పండగ గడువు పెట్టుకుంటే నిద్ర పోతుంది తప్ప కారు కదలదు.

నేనూ ఈ పిచ్చిలో పడినవాడినే. మాది ఎస్టేటు కాదు, మామూలు అంబాసిడరే. 2017 వానాకాలంలో, మూడు నెలలుగా మొరాయిస్తున్న ఇంజను ఒక రాత్రి అంటుకుంది. వాన జల్లు లోపలికి కొడుతోందని షట్టరు దించేశాను. నేనూ, మా మేనల్లుడూ కార్బురేటర్ సరిచేస్తూ ఆ ఆనందంలో అరగంట ఇంజను ఆపలేదు. వాడు తలనొప్పిగా వుందన్నాడు. భోజనం చెయ్యలేదు కదా అన్నాను. కాసేపటికి నాకూ తల తిరిగింది. ఆకలే అనుకున్నాను. మా ఆవిడ అన్నానికి పిలవడానికి వచ్చి షట్టరు ఎత్తేసరికి వాడు గోడకు ఆనుకుని వాంతి చేసుకుంటున్నాడు. మరో పావుగంట ఆలస్యమై వుంటే ఏమయ్యేదో నేను రాయక్కరలేదు. ముప్ఫై ఏళ్ళు డాక్టరీ చేసినవాణ్ణి, ఎదురుగా వున్న కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తించలేకపోయాను.

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. శరీరం లోపల ఆక్సిజన్‌కు మొహం వాచిపోతుంది. పాత కార్ల పొగలో ఇది మరీ ఎక్కువ. తలనొప్పి, వికారం, తల తిరగడం, మందకొడితనం – ఇవే మొదటి గుర్తులు. షెడ్డులో వున్న ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వస్తే అది ఆకలి కాదు. వెంటనే బయటి గాలిలోకి రండి, 108కి ఫోను చెయ్యండి. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్కు పెట్టి పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. మా వాణ్ణి ఆ రాత్రి అలాగే కాపాడుకున్నాం. షట్టరు సగం ఎత్తాను కదా అన్న లెక్క పనికిరాదు. ఇంజను తిప్పాలంటే బండిని బయటికి తోయండి.

నేను చూసిన షెడ్డు ప్రమాదాల్లో చాలా భాగం ఇలాంటివే. పని సాఫీగా సాగిన రోజున కాదు, అడ్డం తిరిగిన రోజున జరిగినవి. విసుగులో మనిషి అడ్డదారి తొక్కుతాడు. పంపు కనపడక ట్యూబుతో నోటితో పెట్రోలు లాగిన కుర్రాణ్ణి ఒకసారి తీసుకువచ్చారు. గుటకలో కొంత పొరబోయింది. ఇంట్లోవాళ్ళు ఉప్పునీళ్ళు తాగించి కక్కించారు. అది ఇంకా పెద్ద తప్పు. పెట్రోలు కడుపులో కంటే ఊపిరితిత్తుల్లో ఎక్కువ హాని చేస్తుంది, వాంతి దాన్ని రెండోసారి అటు పంపుతుంది. కక్కించకండి. దగ్గు రాకపోయినా ఆస్పత్రిలో కనీసం ఆరు గంటలు కనిపెట్టి వుండాలి.

ఒక్క జాకీ మీద లేపిన బండి కిందికి దూరడం మరో అడ్డదారి. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. కింద ఇనుప స్టాండులు, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ఇంట్లో ఒకరికి చెప్పి దూరండి. సెల్ఫ్ పనిచెయ్యక హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు పిడి చుట్టూ బిగించకండి, మిగతా వేళ్ళ పక్కనే వుంచండి. కిందికి తొయ్యకండి, పైకి లాగండి. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక విరుగుతుంది. ఈ దెబ్బ తగిలేది ఎక్కువగా డ్రైవర్లకే కాబట్టి మా పుస్తకాల్లో దానికి షోఫర్ ఫ్రాక్చర్ అనే పేరే వచ్చింది.

కంటి అద్దాలు లేకుండా గ్రైండరు ముట్టుకోవద్దు. ఉలి మీద సుత్తి దెబ్బకు ఎగిరిన ముక్క నొప్పి లేకుండానే కనుగుడ్డులోకి దిగిపోవచ్చు. చూపు కొంచెం మసకేసినా కన్ను నలపకండి, ఆముదం వెయ్యకండి, మెకానిక్ చేత అగ్గిపుల్లతో తీయించకండి. ధనుర్వాతం సంగతి: తుప్పు దాన్ని పుట్టించదు, మట్టిలో వుండే సూక్ష్మజీవి పుట్టిస్తుంది. అందుకని కొత్త రేకు కోసినా ప్రమాదమే. చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయినవారు కూడా మట్టి అంటిన గాయమై, చివరి ఇంజెక్షన్ వేసుకుని అయిదేళ్ళు దాటితే, మళ్ళీ వేయించుకోవాలి.

మీ ఇంట్లో మనవలున్నారని రాశారు. పాత రంగులో సీసం వుండవచ్చు. గీకిన ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ వుంటుంది. దాని ధూళి పీలిస్తే జబ్బు ఇరవై, ముప్ఫై ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. గాలి కొట్టి దులపకండి, తడిగుడ్డతో తుడవండి. షెడ్డు బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకండి. చేతుల గ్రీజుకు పెట్రోలు కాదు, కొబ్బరినూనె రుద్ది సబ్బుతో కడగండి.

ఇక మీ బి.పి. స్పానర్ కింద పెట్టి వెంటనే చూసుకున్న లెక్క లెక్కలోకి రాదు. కాఫీ, సిగరెట్, బరువు పని అయ్యాక అరగంట ఆగండి. వీపు ఆనించి అయిదు నిమిషాలు కూర్చుని, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చొప్పున వారం రోజులు చూసి కాగితం మీద రాయండి. సగటు 135/85 అంతకు మించితే ఎక్కువే. డైక్లోఫెనాక్ రోజూ మింగితే బి.పి. పెరుగుతుంది, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. దాన్ని ఇప్పుడే ఆపండి. వంగి ఎత్తడం మాని, వస్తువులు నడుము ఎత్తు బల్ల మీద పెట్టుకుని పనిచెయ్యండి. రాత్రి ఎనిమిదికి షెడ్డు తాళం మీ ఆవిడ చేతికి ఇవ్వండి. అడ్డం తిరిగిన పని ఏమిటో ఒక నోటుబుక్కులో రాసి వచ్చెయ్యండి. రాసేస్తే మంచం మీద పడుకుని అదే తలచుకోవడం చాలామందికి తగ్గుతుంది. కారు మీదే కాదు, తిండి మీదా మనుషుల మీదా కూడా రెండు వారాలుగా ఆసక్తి పోయివుంటే అది కారు జబ్బు కాదు, డిప్రెషన్ కావచ్చు. 14416కి ఉచితంగా ఫోను చేసి మాట్లాడండి.

వారం తర్వాత ఆ బి.పి. కాగితం, మీరు వేసుకుంటున్న మాత్రల పట్టీలు పట్టుకుని దగ్గరి ఆస్పత్రికి వెళ్ళండి. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి.