స్మార్ట్ నగరముల తాళపుచెవులు

సంపాదకులవారికి,

అయ్యా,

2015 జూన్ 25న కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన స్మార్ట్ సిటీ పథకము 2025 మార్చి 31తో ముగిసినది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 నగరములలో మా సోలాపూరు ఒకటి. పథకమునకైన ఖర్చును గూర్చి పత్రికలలో కావలసినంత చర్చ జరిగినది. నూరు నగరములలోను నెలకొల్పిన కమాండ్ కంట్రోల్ కేంద్రముల భద్రతను గూర్చి మాత్రము పెదవి విప్పువారు తక్కువ. ఊరి కెమెరాలు మొదలైనవి ఒక్కచోటనుండి కనిపెట్టుటకు ఏర్పడినవి ఈ కేంద్రములు. అధికారి దూరమునుండి చూడగలిగినదానిని దొంగయు దూరమునుండి చూడగలడు గదా!

ఇది నా ఊహ కాదు. 2021 ఫిబ్రవరిలో మా రాష్ట్రమందే పింప్రి-చించ్వడ్ స్మార్ట్ సిటీ సర్వర్లలో దుండగులు జొరబడి, సమాచారమునకు తాళము వేసి, బిట్‌కాయిన్లలో సొమ్మడిగిరి. 2019 మే నెలలో అమెరికాలోని బాల్టిమోరు నగరమును 13 బిట్‌కాయిన్లు, అనగా నాటి ధరకు సుమారు 76 వేల డాలర్లు, అడిగిరి. నగరమువారు చెల్లించలేదు. ఇండ్ల క్రయవిక్రయములు కొన్నాళ్లు స్తంభించినవి, నీటిపన్ను బిల్లులు నెలల తరబడి నిలిచినవి. నష్టము 1 కోటి 80 లక్షల డాలర్లని అంచనా వేసిరి. ఆ వ్యవహారమున ఒక ఇరాను దేశస్థుడు కోర్టులో నేరమొప్పుకొనుసరికి 2025 మే వచ్చినది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రికి ఇట్టి గతియే పట్టగా, రోగుల చీట్లు మరల చేతివ్రాతకు వచ్చినవి. నెట్‌వర్కును సరిగా విభజింపకపోవుటయే కారణమని ప్రభుత్వము పార్లమెంటులో చెప్పినది. వీధితలుపు దాటినవానికి లోపలి గదులకు తలుపులే లేవన్నమాట.

మరి చట్టము లేదా? లేకేమి! 2000 నాటి ఐటీ చట్టములో 66ఎఫ్ సెక్షను క్రింద యావజ్జీవ ఖైదు వరకు కలదు. దొంగ విదేశమందున్నను వర్తించునని 75వ సెక్షను చెప్పుచున్నది. పట్టితెచ్చుట వేరు మాట. దాడి జరిగిన 6 గంటలలో సర్ట్-ఇన్ సంస్థకు తెలుపవలెనని 2022 ఏప్రిల్ ఉత్తర్వు. ప్రభుత్వ కార్యాలయములకును అది వర్తించును. కాని ఆ కబురు ఢిల్లీకి పోవును. పన్ను కట్టు గృహస్థునకు రాదు. నష్టపోయినవారికి స్వయముగ తెలుపవలెనన్న నియమము 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో ఉన్నది. నియమావళి 2025 నవంబరులో వెలువడినది గాని, ఈ బాధ్యతకు 18 నెలల గడువిచ్చిరి. స్మార్ట్ నగరముల భద్రతకు 2016లోనే కేంద్రమువారు ఒక నమూనా పంపిరి. నమూనాను పాటింపనివానికి శిక్షయేమి?

నేను గుమాస్తాగా పనిచేసిన రోజులలో బదిలీయైనవాడు చార్జి అప్పగింత పట్టీపై సంతకము చేయనిదే కుర్చీ వదలుటకు వీలులేదు. బీరువా తాళములు, రిజిస్టర్లు, ఆఖరికి ముద్రబిళ్ళ కూడ పట్టీకి ఎక్కవలసినదే. ఇప్పుడు పథకము ముగిసినది; యంత్రములు మిగిలినవి. గుత్తేదారుల ఒప్పందము తీరిన పిదప పాస్‌వర్డులు ఎవరి స్వాధీనమున నుండును? వెళ్లిపోయిన ఉద్యోగి పాస్‌వర్డు రద్దయినదా? ఇంటిపన్ను, జనన మరణ రిజిస్టర్ల నకలు నెట్‌వర్కుతో సంబంధము లేనిచోట ఉన్నదా? దానిని తెరచి సరిచూచిన తేదీ యేది? రహస్యములను బయటపెట్టుమని నేను కోరుట లేదు. ఇట్టి అప్పగింత పట్టీ ఒకటి తయారైనదో లేదో, దానిపై ఏ అధికారి సంతకమున్నదో మా కార్పొరేషనువారు ప్రకటించిన చాలును.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
సోలాపూరు.