వాకిట్లో ఒక్క చెట్టుకే చోటుంటే

పొల్లాచ్చి పక్క కాలనీ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. కోన్ వైండింగ్‌లో పని. మొగుడూ పెండ్లాలిద్దరి పీఎఫ్ సొమ్మూ తీసి 3 సెంట్లలో ఇల్లు కట్టుకున్నారు. ఉత్తరం వాకిలి. ఇంటి గోడకీ గేటుకీ నడుమ 12 అడుగులు మిగిలింది. ఆ 12 అడుగుల్లో ఒక్క చెట్టుకే చోటు. భర్తా, ఆరో క్లాసు చదివే కూతురూ క్రిస్మస్ చెట్టు కావాలంటారు, ఊటీ చూసొచ్చినప్పటి నుంచి అదే పాట. అత్తగారు సరకొన్నై పెట్టమంటుంది. ఆవిడ కార్డింగ్‌లో 26 ఏళ్లు దూది దుమ్ము మింగిన మనిషి. ఇప్పుడు మధ్యాహ్నం రెండైతే లోపల ఊపిరాడక తిన్నె మీదికొచ్చి కూర్చుంటుంది. "ఇంట్లో మాట పెరుగుతోంది అన్నా, మీరే ఒకటి చెప్పండి" అని చెల్లెలి ఉత్తరం.

చెప్పేస్తాను. నేల కొన్నకివ్వు, తొట్టి క్రిస్మస్ చెట్టుకివ్వు. ఎందుకో విను, నలుగురికీ పనికొస్తుంది.

కోను అంటే ఏమిటో మన మిల్లు జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు. నువ్వు రోజూ నూలు చుట్టే ఆకారమే. అట్లాంటి కాయలు కాసే చెట్లని కోను జాతి చెట్లంటారు. పైన్, సైప్రస్, ఈ క్రిస్మస్ చెట్టు అన్నీ ఆ కుటుంబమే. వాటికి పువ్వనేది ఉండదు. మన సౌక్కు చెట్టుని కూడా చాలామంది ఆ జాతిలో కలిపేస్తారు. కాదు. సౌక్కు పూసే చెట్టే. దాని సూదిని పట్టుకుని లాగి చూడు, కణుపు దగ్గర ఊడొస్తుంది. అది ఆకు కాదు, సన్నటి పచ్చ కొమ్మ. మన పడమటి కొండల తడి అడవుల్లో తనంతట తాను పుట్టే కోను జాతి చెట్టు ఒకే ఒక్కటుంది. దాని ఆకేమో వెడల్పు, చూస్తే క్రిస్మస్ చెట్టుకి చుట్టమని ఎవరూ అనుకోరు.

మీ ఆయన ఊటీలో చూసింది చలి దేశాల చెట్లు. అక్కడి పెద్ద తోట 1848లో వేశారు, ఊరు 7,000 అడుగుల పైన ఉంది. మన పొల్లాచ్చి 1,000 అడుగులు కూడా లేదు. ఆ పైన్లు ఇక్కడ నిలవవు. అయితే నర్సరీవాళ్లు క్రిస్మస్ చెట్టని అమ్మేది వేరే రకం, అరకేరియా. అది మంచు మొహం చూడని చెట్టు, ఆస్ట్రేలియాకి తూర్పున సముద్రంలో ఉన్న దీవులది. 1774లో కెప్టెన్ కుక్ ఓడల మీద పోతూ చూశాడు, అందుకే అందులో ఒక రకానికి కుక్ పైన్ అని పేరు. ఆ నిటారు మానులు ఓడ స్తంభాలకి పనికొస్తాయని అప్పటివాళ్లు ఆశపడ్డారు. వేడి దీవుల చెట్టు గనక మన ఎండకి చావదు. చిక్కు అక్కడ కాదు, ఎత్తు దగ్గర. నేలలో పెడితే 100 అడుగులు దాటగల చెట్టది. మీ గేటు మీద కరెంటు తీగ పోతోందని రాశావు. తీగ తగిలిందని కొన నరికితే ఆ చెట్టు అందం అంతటితో సరి, మళ్లీ ఆ గోపురం ఆకారం రాదు.

ఇంకొకటి ఉంది. మన దేశంలో క్రిస్మస్ చెట్టని అమ్మేవాటిలో ఎక్కువ కుక్ పైన్లే. అవి నిటారుగా నిలవవు, భూమధ్యరేఖ వైపు ఒరుగుతాయి. అయిదు ఖండాల్లో 256 చెట్లు కొలిచి 2017లో ఈ సంగతి బయటపెట్టారు. సగటు ఒరుగు 8 డిగ్రీల పైనే. మనం ఉండేది రేఖకి ఉత్తరాన, కాబట్టి మన చెట్లు దక్షిణానికి ఒరుగుతాయి. మీది ఉత్తరం వాకిలి, చెట్టుకి దక్షిణాన ఉన్నది మీ ఇల్లే. 60 అడుగులు పెరిగితే కొన 8 అడుగులు మీ మిద్దె వైపు వస్తుంది. పీఎఫ్ మళ్లీ తీయడానికి లేదు కదా!

ఇక కొన్న. ఆంధ్రా వైపు రేల అంటారు. మన ఉగాది వెళ్లి చిత్తిరై పుట్టేసరికి పసుపు గుత్తులు వేలాడతాయి. పాలక్కాడు వాళ్లకి ఆ పువ్వు లేనిదే విషు కని లేదు. 30, 40 అడుగులకి మించి పోవడం తక్కువ. కొమ్మ కొట్టినా ఓర్చుకుంటుంది. కొట్టేది పూత అయిపోయిన వెంటనే కొట్టాలి, ఆలస్యం చేస్తే మరుసటేటి పూత పోతుంది. గోడకి 10 అడుగుల దూరంలో, గేటు మూలన పెట్టు. తీగ వైపు కొమ్మని చిన్నప్పుడే తీసేస్తూ రా.

కొన్నని నెత్తికెత్తుకోవడం లేదు నేను. అత్తగారికి ఈ మాట ముందే చెప్పు: నీడ కోసమైతే కొన్న మొదటి ఎన్నిక కాదు. మాసి, పంగునిలో ఆకంతా రాల్చి మోడై నిలుచుంటుంది, సరిగ్గా ఆవిడకి నీడ కావలసిన రోజుల్లోనే. పూతతో పాటు లేత ఆకు వచ్చాకే మళ్లీ నీడ. ఉట్టి నీడే అడిగితే నేను పుంగ చెట్టు చెప్పేవాణ్ణి, కానీ ఆవిడకి ఆ పసుపు చూడాలని ఉంది, ఆ వయసులో అదీ అవసరమే. మొక్క ఎదిగే నాలుగైదేళ్లు తిన్నెకి పడమటి వైపు చిక్కుడు పందిరి వెయ్యి. ఆ పందిరి కిందనే కుర్చీ. పూల పొడికి దగ్గు ఎక్కువవుతుందేమో అని నువ్వు భయపడ్డావు. కొన్న పుప్పొడిని మోసేది తుమ్మెదలు, గాలి కాదు. గాలికి ఎగిరే పుప్పొడి కోను జాతి చెట్లది. రాలిన ఆకు ఊడ్చే పని మాత్రం తప్పదు, అది కూతురికి అప్పజెప్పు. వానల్లో పచ్చ పురుగులు ఆకు తినేస్తాయి, మందు కొట్టొద్దు. అవే పసుపు సీతాకోకచిలుకలవుతాయి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. నల్లటి పొడుగు కాయల గుజ్జు పిల్లలు తినకుండా చూసుకో, విరేచనాలు పట్టుకుంటాయి.

తురాయి పెట్టమని ఎవరైనా అంటే వద్దను. పాలక్కాడు సందులోంచి వచ్చే ఆడి గాలికి దాని కొమ్మలు పెళుసుగా విరుగుతాయి.

కూతురి క్రిస్మస్ చెట్టుని మరిచిపోలేదు. పెద్ద తొట్టిలో సగం ఎర్రమన్ను, పావు పేడ ఎరువు, పావు పీచు పొడి. పీచు పొడికి మన ఊళ్లో కొదవా! ఉప్పు పోయేదాకా నాలుగు నీళ్లలో కడిగి వాడు. తొట్టి అడుగున నీళ్లు నిలవకూడదు. తూర్పు ఎండ తగిలేచోట పెట్టి, వారానికోసారి తొట్టిని కాస్త తిప్పితే ఒక పక్కకి వాలదు. తొట్టిలో ఉంటే నెమ్మదిగా పెరుగుతుంది, మార్గళిలో నక్షత్రం కట్టుకోవడానికి ఏళ్ల తరబడి సరిపోతుంది. ఆ పిల్ల పెద్దదై పెద్ద జాగా కొంటే అప్పుడు నేలలో పెట్టుకోనీ.

కొన్న మొక్క జూన్‌లో తొలి వానకి పెట్టు. కొనక్కర్లేదు కూడా. పోయినేటి కాయలు రోడ్డు పక్క చెట్లకి ఇప్పటికీ వేలాడుతున్నాయి, ఒకటి పగలగొట్టి విత్తులు తీయి. పెంకు గట్టిది, ఊరికే పూడిస్తే మొలవదు. గరుకు రాయి మీద ఒక పక్క రుద్ది, వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవి మాత్రం కవర్లో వెయ్యి. ఒకటికి నాలుగు వెయ్యి, మిగిలినవి పక్కింటివాళ్లు అడుగుతారు.