ఎర్ర కారు పోషణ

ఈ శీర్షికలో మేము సాధారణంగా ఇంటి సరుకుల గురించీ, పిల్లల చదువుల ఖర్చు గురించీ, పెళ్ళిళ్ళలో జరిగే దుబారా గురించీ రాస్తుంటాము. ఈ మాసం ఫెరారీ కారు గురించి రాస్తున్నామంటే పాఠకులు నవ్వుకోవచ్చు. మాకూ నవ్వే వచ్చింది, మొదట.

గత మాసం ప్రొద్దుటూరు నుంచి మాకు చిరకాలంగా పరిచయమున్న ఒక వస్త్ర వ్యాపారి మదరసాకు వచ్చారు. అస్ర్ నమాజు ముగిసి, పిల్లలంతా ఆటలకు వెళ్ళేదాకా ఆగి, జేబులోంచి ఫోను తీసి ఒక బొమ్మ చూపించారు. నేలకు ఆనుకున్నట్లుండే ఎర్రని కారు. వెనుక భాగంలో గాజు మూత కింద ఇంజను కనిపిస్తోంది. అమెరికాలోని డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆయన పెద్దబ్బాయి దీనిని కొనదలచాడట.

"హజ్రత్, ఇది హరామ్ అని మీరొక్క మాట రాసివ్వండి. మీ దగ్గర ఖుర్ఆన్ నేర్చుకున్నవాడు. నా మాట కాదన్నా మీ మాట కాదనడు" అన్నారు.

రాసివ్వలేమని చెప్పాము. ధర్మసమ్మతంగా ఆర్జించిన సొమ్ముతో, వడ్డీ అప్పు లేకుండా ఒక మనిషి వాహనం కొనుక్కోవడాన్ని నిషిద్ధమని ప్రకటించే అధికారం మాకు ఎవరూ ఇవ్వలేదు. తండ్రి భయం మాకు అర్థమైంది. రెండవ కుమారుడు వైద్య విద్య చదువుతున్నాడు. ఇంకా 2 సంవత్సరాల రుసుము కట్టవలసి ఉంది. కడుతున్నది పెద్దబ్బాయే. ఆ భయాన్ని కొడుకుతో భయంగానే చెప్పుకోవాలి గాని దానికి ఫత్వా ముసుగు తొడగకూడదు. "దుబారా కూడా పాపమే కదా హజ్రత్?" అన్నారాయన. పాపమే. అయితే ఇది దుబారా అవునో కాదో తేలాలంటే ముందు లెక్క తేలాలి. ఆ లెక్క ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. అబ్బాయికైనా తెలుసునేమోనని ఆ రాత్రి ఇషా తర్వాత ఫోను కలిపించాము. అక్కడ ఉదయం.

అబ్బాయి ఎంతో సంతోషంగా వివరించాడు. అది 2002 నాటి ఫెరారీ 360 మోడెనా. 3.6 లీటర్ల ఇంజను, 8 సిలిండర్లు, 400 అశ్వశక్తి. చట్రం, శరీరం రెండూ అల్యూమినియం. నిమిషానికి 8,500 చుట్లు తిరిగేటప్పుడు ఆ ఇంజను చేసే శబ్దం గురించి చెబుతుంటే వాడి గొంతు పదేళ్ళ పిల్లవాడిదైపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఒకే స్కూటరు నడుపుతున్న మేము కూడా, దాచుకోవడం ఎందుకు, ఆసక్తిగానే విన్నాము. కొత్తగా ఉన్నప్పుడు 1,40,000 డాలర్లు పలికిన కారు ఇప్పుడు 80,000 లోపు వస్తోందట. తిరిగింది 22,000 మైళ్ళేనట.

"బాగుంది బేటా. దీన్ని ఏడాదిపాటు ఉంచుకోవడానికి ఎంతవుతుంది?" అని అడిగాము.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఇన్సూరెన్సు, పెట్రోలు... ఇంకా చూడలేదు ఉస్తాద్" అన్నాడు.

అప్పుడు మాకు రాయచోటి కుర్రవాడు గుర్తొచ్చాడు. కుర్రవాడు అంటున్నాము గాని ఇద్దరు బిడ్డల తండ్రి. మా మదరసాలో చదివి, తర్వాత మెకానిక్ పని నేర్చుకుని, 12 ఏళ్ళుగా షార్జాలో ఇలాంటి కార్లు బాగుచేసే గ్యారేజీలో పనిచేస్తున్నాడు. దుబాయి వీధుల్లో ఈ కార్ల ఫోటోలు తీసుకునేవారు చాలామంది. వాటిని విప్పి బిగించే చేతులు మన రాయలసీమవి, కేరళవి, పెషావరువి అని తెలిసినవారు తక్కువ. జుమా రోజు సాయంత్రం అతనితో గంటసేపు మాట్లాడాము. కింద రాసినదంతా అతని పాఠమే.

ఇంజనులో పిస్టన్లూ, వాల్వులూ ఒకదాని కదలికకు మరొకటి లోబడి పనిచేయాలి. ఆ తాళం తప్పకుండా చూసేది టైమింగ్ బెల్టు అనే రబ్బరు పట్టీ. అది తెగితే పైకి వచ్చే పిస్టను తెరిచివున్న వాల్వును గుద్దుతుంది. క్షణంలో ఇంజను లోపలంతా ధ్వంసం. రబ్బరు కనుక కారు తిరిగినా తిరగకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది. అందుకే దానిని మూడేళ్ళకొకసారి మార్చాలంటారు. చాలామంది ఐదేళ్ళదాకా లాగుతారు.

మామూలు కారులో ఇది ఒక పూట పని. 360 కంటే ముందు, 1994 నుంచి 1999 దాకా తయారైన ఎఫ్355లో ఇంజను సీట్ల వెనుక ఉంటుంది. బెల్టు ఉన్న వైపు సీట్ల వెనుక గోడకు అంటుకుని ఉంటుంది. చెయ్యి పట్టదు. కనుక బెల్టు మార్చాలంటే కారును పైకెత్తి, ఇంజనును మొత్తంగా కిందికి దింపాలి. ఒక రబ్బరు పట్టీ కోసం ఇంజనంతా బయటికి! దింపాక ఎలాగూ దింపాము కదా అని నీటి పంపు, సీళ్ళు, గొట్టాలు కూడా మారుస్తారు. అమెరికాలో ఆ ఒక్క సర్వీసుకు 10,000 డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. ఇంజను తల విప్పి వాల్వు గైడ్లు మార్చవలసి వస్తే ఆ ఖర్చు వేరే. ఎఫ్355లో ఆ గైడ్లు మెత్తని కంచువి కావడంతో త్వరగా అరిగిపోవడం ప్రసిద్ధమైన జబ్బు.

360 దగ్గరికి వచ్చేసరికి కంపెనీవారు కొంత దయ చూపారు. సీట్ల వెనుక గోడకు ఒక తలుపు పెట్టారు. ఇంజను దింపకుండానే దానిలోంచి బెల్టులు మార్చవచ్చు. ఖర్చు తగ్గింది, అయినా వేలల్లోనే. 2004లో వచ్చిన ఎఫ్430లో బెల్టు తీసేసి గొలుసు పెట్టారు. అంటే అబ్బాయి ఎంచుకున్నది మరీ గుడ్డి ఎంపిక కాదు. ఆ మాట కూడా తండ్రికి చెప్పాము.

కాని 360కి వేరే ఆకళ్ళున్నాయి. ఇందులో ఎఫ్1 గేర్‌బాక్సు అనే రకముంది. కాలితో తొక్కే క్లచ్చు ఉండదు. స్టీరింగు వెనుక రెండు రెక్కలుంటాయి. వాటిని వేలితో లాగితే నూనె ఒత్తిడితో గేరు మారుతుంది. వినడానికి ముచ్చటగా ఉంది. అయితే ఆ యంత్రానికి మనిషి కాలికి ఉన్నంత నేర్పు లేదు. ట్రాఫిక్‌లో అంగుళమంగుళం జరుగుతున్నప్పుడు క్లచ్చును అరగదీస్తూనే ఉంటుంది. నడిపే తీరును బట్టి 10,000 మైళ్ళకే క్లచ్చు అయిపోయిన కార్లను తాను చూశానన్నాడు రాయచోటి కుర్రవాడు. ఎంత శాతం అరిగిందో కంప్యూటరు తగిలించి చూడవచ్చు. అమ్మేవాడు ఆ సంఖ్య చెప్పకపోతే అడగాలి. ఇక ఇంజను పొగను బయటికి మోసే గొట్టాలు వేడికి పగులుతాయి. లోపలి మీటల మీది మెత్తని పూత ఏళ్ళ తరబడి ఎండకు కరిగి బెల్లం పాకంలా వేళ్ళకు అంటుకుంటుంది. లక్షా నలభై వేల డాలర్ల కారులో అద్దం దించితే వేలు జిగురవడం మాకు విచిత్రంగా తోచింది.

ఇంతా చెప్పి అతను అసలు సంగతికి వచ్చాడు. "హజ్రత్, కారు పాతదయ్యేకొద్దీ కారు ధర తగ్గుతుంది. దాని సామాను ధర తగ్గదు, పనివాడి కూలీ తగ్గదు. కొనేవాళ్ళు 80,000 డాలర్ల కారు కొన్నామనుకుంటారు. గ్యారేజీకి వచ్చేది మాత్రం 1,40,000 డాలర్ల కారే." ఏనుగు ముసలిదై చౌకగా వచ్చినంత మాత్రాన దాని మేత చౌక కాదు. ఫెరారీ సంస్థ కొంతకాలంగా కొత్త కార్లకు మొదటి 7 సంవత్సరాల నిర్ణీత సర్వీసును ధరలోనే కలిపి ఇస్తోంది. కొత్త కారు కొనే సంపన్నుడు ఆ ఏడేళ్ళ నిర్ణీత సర్వీసుకు వేరే డబ్బు కట్టడన్నమాట. మరమ్మతులకు వయసు వచ్చాక అది రెండవ, మూడవ యజమాని చేతికి వస్తుంది. వారు తొలి యజమానికంటే తక్కువ స్తోమత గలవారు. భారమంతా వారి మీద.

మరి తక్కువ తిరిగింది కదా? మాకు మంచి గుణంగా కనిపించిన ఆ 22,000 మైళ్ళ సంగతి వినగానే అతను పెదవి విరిచాడు. ఇటువంటి కార్లు తిరిగినకొద్దీ మారు ధర పడిపోతుంది. అందుకని యజమానులు తిప్పరు. తిప్పకపోతే సీళ్ళు ఎండి నూనె కారుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, ట్యాంకులో పెట్రోలు చెడుతుంది, చూడటానికి కొత్తగా ఉన్న టైర్లు లోపల బిరుసెక్కుతాయి. టైరు పక్కన చివర 4 అంకెలుంటాయి. మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. మన ఇళ్ళలోని కార్లకూ, స్కూటర్లకూ కూడా ఉంటాయి, పాఠకులు చూసుకోవచ్చు. ఏడాదికి వెయ్యి మైళ్ళు తిరిగి, బిల్లులన్నీ భద్రంగా దాచిన కారుకంటే, పదేళ్ళు గుడ్డ కప్పుకుని నిలబడిన కారే ఎక్కువ ప్రమాదమని అతని అనుభవం.

కొత్త కార్లయితే నమ్మకమా అని అడిగాము. 2010లో ఫెరారీ 458 ఇటాలియాలు కొన్ని అగ్నికి ఆహుతయ్యాయి. వెనుక చక్రాల గూటిలో వేడిని ఆపే రేకును అతికించిన జిగురు వేడికి అంటుకోవడమే కారణం. 1,248 కార్లను వెనక్కి పిలిచి జిగురు బదులు గట్టిగా బిగించి పంపారు. ఇక బుగాటి వేరాన్ అనే కారు ఉంది. గంటకు 400 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంతో పోతే దాని టైర్లు పావుగంటకు మించి నిలవవట. అయినా ఫరవాలేదు, 100 లీటర్ల ట్యాంకు 12 నిమిషాలకే ఖాళీ అయిపోతుంది అని నవ్వాడు.

నమ్మకమైన కారు ఈ జాతిలో లేనే లేదా అంటే ఉంది. హోండా వారు 1990లో తెచ్చిన ఎన్‌ఎస్‌ఎక్స్. దానికీ ఇంజను సీట్ల వెనుకే, దానిదీ అల్యూమినియం శరీరమే. కాని రోజూ ఆఫీసుకు వెళ్ళగలిగేలా చేశారు. వేగవంతమైన కారు మొండికేయక తప్పదన్న మాటకు అదే జవాబు. ఆ పేరు కారణంగా దాని పాత కార్ల ధరలు కూడా పెరిగి కూర్చున్నాయి.

ఇదంతా అబ్బాయికి చెప్పాము. వాడు తేలికగా వదల్లేదు. "ఇది పెట్టుబడి కూడా ఉస్తాద్. ఇలాంటి కార్లకు కొన్నేళ్ళకు ధర పెరుగుతుంది" అన్నాడు. అయితే జకాత్ లెక్క వెయ్యాలి బేటా అన్నాము. స్వంతంగా ఎక్కి తిరిగే వాహనానికి జకాత్ లేదు. లాభానికి అమ్ముదామనే సంకల్పంతో కొన్నది వ్యాపార సరుకవుతుంది. ఏటా ఆనాటి మార్కెట్ ధరపై రెండున్నర శాతం. 80,000 డాలర్లకు 2,000. వాడు నవ్వేసి, "లేదు ఉస్తాద్, ఎక్కి తిరగడానికే" అన్నాడు. ఆ నిజాయితీ మాకు నచ్చింది.

రేపు అమ్మవలసి వచ్చినప్పటి సంగతి కూడా చెప్పాము. అమ్మే వస్తువులోని లోపాన్ని కొనేవారికి చెప్పి తీరాలి. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన సంఘటన వాడికి మా తరగతిలో చెప్పినదే. పగిలిన గొట్టం గురించి, అరిగిన క్లచ్చు గురించి చెప్పి అమ్మితే ధర ఎంత పడుతుందో కొనేముందే ఊహించుకోవాలి.

స్వదేశానికి తెచ్చి ఇక్కడ తిప్పుకుంటాడేమోనని తండ్రికి మరో బెంగ. ఆ బెంగ అక్కరలేదు. తయారై 3 సంవత్సరాలు దాటిన పాత కారును, ఎడమవైపు స్టీరింగున్న దానిని మన దేశంలోకి అలా దిగుమతి చేసుకోనివ్వరు.

చివరికి రాయచోటి కుర్రవాడు ఒక కొలత చెప్పాడు. కొన్న ధరలో నాలుగో వంతు, కొన్న రోజునే విడిగా తీసిపెట్టగలిగినవాడు కొనవచ్చు. మొదటి రెండేళ్ళలో అది ఖర్చయినా ఇల్లు కదలకూడదు. ఇక్కడ అది 20,000 డాలర్లు. తమ్ముని రుసుము పోగా అంత మిగులుతుందా అని అబ్బాయిని అడిగాము. లెక్క వేసి చెబుతానన్నాడు. ఈలోగా అమ్మేవాడికి మూడు ప్రశ్నలు పంపాడు. బెల్టులు ఏ తేదీన మార్చారు? క్లచ్చు ఎంత శాతం అరిగింది? సంబంధం లేని మెకానిక్ చేత సిలిండర్ల లీక్‌డౌన్ పరీక్ష చేయించుకోనిస్తారా?

మొదటి దానికి జవాబు వచ్చింది. మార్చారట, కాగితం కనబడటం లేదట. మిగతా రెండింటికీ ఇది రాస్తున్న రోజు వరకు జవాబు లేదు.

నిన్న జుమా తర్వాత వ్యాపారి మళ్ళీ వచ్చారు. ఈసారి ఫత్వా అడగలేదు. "హజ్రత్, వాడు రోజూ లీక్‌డౌన్, లీక్‌డౌన్ అంటున్నాడు. అదేమిటి?" అన్నారు. చిన్నప్పుడు సైకిలు ట్యూబుకు గాలి కొట్టి నీళ్ళలో ముంచి బుడగలు చూసేవాళ్ళం, గుర్తుందా అని మొదలుపెట్టాము.