మసి వేరు, బూడిద వేరు

పోయిన నెలలో బెజవాడలో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. వీధి వాకిట్లో బావగారు కారు బానెట్ ఎత్తి, పాతగుడ్డ పేలికతో ఒక ఇనప పుల్లను తుడిచి తుడిచి చూసుకుంటున్నారు. పక్కన మడతకుర్చీలో పాల లెక్క రాసుకునే డైరీ.

“ఏం బావగారూ, ఇంజనుకు జ్వరం చూస్తున్నారా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో చెబుతాను. మీ ఇంట్లో డీజిలు కారు ఉంటే కాస్త నిదానంగా చదవండి.

బావగారికి ముప్ఫై ఏళ్ళుగా ఒకడే మేస్త్రి. ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. బావగారి పాత డీజిలు అంబాసడర్‌ను అన్నాళ్ళు బతికించింది అతనే. పైసా ఎక్కువ పుచ్చుకున్నవాడు కాదు. ఆ బండి పోయి, 2021లో తయారైన డీజిలు కారు సెకండు హాండులో కొన్నాక కూడా ఆయిలు మార్చటానికి బావగారు అక్కడికే వెళ్ళేవారు. మేస్త్రి లారీలకు పోసే చిక్కటి 15డబ్ల్యు-40 పోసేవాడు. “మన ఎండలకి చిక్కటి నూనే మంచిది బాబుగారూ” అనేవాడు. బావగారికీ అది సబబుగానే తోచింది. పైగా ధర తక్కువాయె.

రెండేళ్ళు అలా వెళ్ళిపోయాయి. మొన్న మా మేనకోడల్ని పురిటికి తీసుకురావటానికి దంపతులిద్దరూ కారులో హైదరాబాదు వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో, సూర్యాపేట ఇంకా రాకుండానే, స్టీరింగు ముందర పసుపు దీపం వెలిగింది. కాసేపటికి కారు నీరసపడిపోయింది. ఎంత తొక్కినా నలభై దాటదు. వెనక సీట్లో నెలలు నిండుతున్న పిల్ల. పక్కనుంచి లారీలు హోరుమంటూ పోతున్నాయి. ఎలాగో ఒక టిఫిను హోటలు దాకా లాక్కొచ్చి, టాక్సీ మాట్లాడుకుని ఇల్లు చేరారు. పిల్ల క్షేమమే. కాని హోటలు ముందు టాక్సీ కోసం ఎదురుచూసిన ఆ రెండు గంటలూ బావగారికి ఇప్పటికీ నిద్రలో వస్తున్నాయట.

కారును వర్కుషాపుకు చేర్చాక అక్కడి కుర్రవాడు అడిగిన మొదటి ప్రశ్న: “ఏ ఆయిలు పోయించారండీ?”

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు బి.ఎస్.6 నిబంధన వచ్చింది. దానితో డీజిలు కార్ల పొగగొట్టం దారిలో ఒక జల్లెడ చేరింది. డి.పి.ఎఫ్. అంటారు. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. మసి బాగా చేరాక, కారులోని కంప్యూటరు ఆ జల్లెడను ఇంచుమించు 600 డిగ్రీలకు వేడెక్కించి మసిని కాల్చేస్తుంది.

మసి కాలుతుంది. బూడిద కాలదు. బొగ్గుల కుంపటి రాజేసిన పెద్దవాళ్ళకు ఇది వేరే చెప్పక్కరలేదు. ఎంత విసిరినా అడుగున బూడిద బూడిదగానే ఉంటుంది, ఎత్తి పారబోయవలసిందే.

ఆ బూడిద డీజిలులోంచి కాదు, ఎక్కువగా ఇంజను ఆయిలులోంచి వస్తుంది. ఇంజను శుభ్రంగా ఉండాలనీ, అరిగిపోకూడదనీ ఆయిలులో కాల్షియం, జింకు వంటివి కలుపుతారు. ఎంత మంచి ఇంజనులోనైనా ఆయిలు ఏ కాస్తో కాలుతూనే ఉంటుంది. అప్పుడు మిగిలే బూడిద పోయి జల్లెడలో కూర్చుంటుంది. అంబాసడర్‌కు జల్లెడే లేదు, కనక బాధా లేదు. ఆనాటి డీజిలులో గంధకం ఎక్కువ. దానివల్ల పుట్టే ఆమ్లాన్ని విరవటానికి ఆ దినుసులు దండిగా కావాలి కూడా. బి.ఎస్.6 డీజిలులో గంధకం పది లక్షల పాళ్ళకు 10 పాళ్ళు మించదు. మేస్త్రి నేర్చుకున్నది తప్పు కాదు. అతను నేర్చుకున్న బండి వేరు.

తప్పంతా ఆయిలుదేనని నేననను. బావగారు కారు తీసేది కూరల బజారుకూ, గుడికీ. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో మసి కాలటానికి వ్యవధి ఏదీ? వర్కుషాపులో మిషను తగిలించి మసిని కాల్చేశారు. బూడిద మాత్రం కదలలేదు. జల్లెడను ఊడదీసి శుభ్రం చేయించవలసి వచ్చింది. బిల్లెంతో బావగారు నాకు చెప్పలేదు. అక్కయ్య చెప్పింది. రెండేళ్ళలో ఆయిలు మీద మిగిల్చింది అందులో ఓ మూలకు రాదు.

ఇక డబ్బా సంగతి. 5డబ్ల్యు-30 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది చిక్కదనం లెక్క మాత్రమే. డబ్ల్యు అంటే వింటరు. చలిలో ఎంత తేలిగ్గా కదులుతుందో ముందు అంకె, వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో వెనక అంకె చెబుతాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. వెనకవైపు చిన్న అక్షరాల్లో సి2, సి3 వంటి గుర్తులుంటాయి. బూడిద సంగతి చెప్పేవి అవి. ఈ రెండు రకాల్లోనూ బూడిద 0.8 శాతం మించకూడదు. అలాగని ఒకదాని బదులు ఇంకొకటి పోయకండి. రెండూ 5డబ్ల్యు-30 అయినా, మంచి వేడిలో సి3 పొర కాస్త దళసరిగా నిలుస్తుంది. మీ కారుకు ఏది తగినదో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొన్ని కంపెనీలు తమ సొంత నంబరు కూడా వేస్తాయి. ఆ పుస్తకం ఎక్కడుందంటారా? ప్లాస్టిక్ కవరు విప్పకుండా డాష్‌బోర్డు అరలో ఉండి ఉంటుంది.

ఆయిలు నల్లబడిందని కంగారు పడనక్కరలేదు. డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు కూడా త్వరలోనే నల్లబడుతుంది; మసిని తనలో కలుపుకోవటం దాని పని. భయపడవలసింది పుల్ల మీద ఆయిలు పెరిగినప్పుడు. మసి కాల్చటానికి అదనంగా చిమ్మిన డీజిలు, పని మధ్యలో ఆగిపోతే, కొంత కిందికి జారి ఆయిలులో కలుస్తుంది. ఆయిలు పలచనై ఇంజను అరుగుతుంది. పై గీత దాటితే నడపకుండా చూపించాలి. దారిలో ఆయిలు మరీ తగ్గిపోయి సరైనది దొరక్కపోతే మాత్రం, ఏదో ఒక మంచి ఇంజను ఆయిలు కాస్త పోసుకోవటమే మేలు. ఆయిలు లేకుండా నడిపితే అసలు ఇంజనుకే ముప్పు.

మేస్త్రితో తగువు పెట్టుకోమని అక్కయ్య పోరింది. బావగారు పుస్తకం పట్టుకుని వెళ్ళారు. మేస్త్రి ఆయన చేతే చదివించుకుని, సుద్దముక్కతో షెడ్డు గోడ మీద కారు నంబరు వేసి పక్కన ‘సి3’ అని రాసుకున్నాడట. ఇప్పుడు డబ్బా బావగారు కొంటారు, పోసేది అతనే.

నేను వెళ్ళినరోజు ఆయిలు రెండు గీతల మధ్యనే ఉంది. డైరీలో ‘పాలు 2 లీటర్లు’ కింద ‘ఆయిలు, మధ్యన’ అని రాసుకున్నాకే బావగారు కాఫీకి లోపలికి వచ్చారు.